కోరలు పీకిన పురుగు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు. ప్రయోగశాల పెద్దాయన మడ్డి ద్రవం ఉన్న ఏడో నంబరు సీసా నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“వద్దు సార్, తాగకండి!” మూల నుంచి తొట్టి మావయ్య అరిచాడు. అక్కడ తొట్టిలో గాజుసామాను కడిగేది అతనే. రోజుకు పది మాటలైనా మాట్లాడని మనిషి.

చూడవచ్చిన అధికారులు ముక్కులు మూసుకున్నారు.

“మావయ్యకి కంపరం పుట్టింది,” పెద్దాయన నవ్వాడు. “నువ్వు చెప్పమ్మా.”

ఆ సీసాలోని సూక్ష్మజీవిని ఐదేళ్లుగా పెంచుతున్న అమ్మాయిని అందరూ పురుగులమ్మ అంటారు. ఆమె ముందుకొచ్చింది. “ఇది విరేచనాల పురుగేనండీ. తన డీఎన్‌ఏలో ‘ఎ’ అక్షరాల మీద గుర్తుగా చుక్కలు పెట్టుకునే ఎంజైము దీనికుండేది. అది పీకేశాం. చుక్కల్లేక ఎప్పుడు కరవాలో దీనికి తెలీట్లేదు. ఎలుకలకి పోశాం, ఒక్కటీ చావలేదు. ఆ తర్వాత కోరలున్న అసలు పురుగు పోసినా, టీకా వేసినట్టు తట్టుకున్నాయి.”

“మరి మనుషులకో?”

“ఇదిగో!” పెద్దాయన గటగటా తాగేశాడు. పెదవి మీది జిగట కూడా నాకేశాడు.

తొట్టి మావయ్య పరుగెత్తి తొట్టిలో భళ్లున కక్కాడు.

“రోజూ ఈ కంపులోనే చేతులు పెడతావు, ఇవాళేమొచ్చింది మావయ్యా?” అంది పురుగులమ్మ. అతను మూతి తుడుచుకున్నాడు.

సాయంత్రమంతా పెద్దాయన మరుగుదొడ్డి వదల్లేదు. తలుపు సందుల్లోంచి వరండా అంతా గబ్బు. లోపల్నుంచే పురుగులమ్మ మీద అరిచాడు. “దీనికి కోరలూ ఊడలేదు, నీ మొహమూ ఊడలేదు! రేపు పొద్దున్నే అన్ని సీసాలూ కాల్చి పారెయ్!”

“ఐదేళ్ల పని మావయ్యా,” అంటూ ఆమె మెట్ల మీద కూలబడింది.

మర్నాడు పొద్దున్న ఆమె ఫ్రిజ్‌లోని సీసాలన్నీ పళ్లెంలో పేర్చుకుని కొలిమి గదికి బయల్దేరింది. తొట్టి మావయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. గాజుపెంకులు. ఆమె ఒక పెంకు మీది అంకె చదివింది.

“ఏడో నంబరు... ఇది నా చేతిరాతే! మరి నిన్నటి సీసా?”

“దాని మీద ఏడు నేను దిద్దాను తల్లీ. మొన్న చెయ్యి జారి నీది పగిలింది. ఉద్యోగం పోతుందని భయమేసింది. నీ పురుగుని కాల్చకు. సారు తాగింది మూడ్రోజులు మార్చని నా తొట్టి నీళ్లు.”