పెద్దమనుషుల సమక్షంలో

"ఉరి తియ్యాలె సార్. ఇంక మాట్లాడేదే లేదు," అన్నాడు ఎల్లేష్, జిరాక్స్ మెషీన్ మూత దబ్బున వేసి.

శశిధర్ సారు పేపర్లోంచి తలెత్తలేదు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయన రోజూ పది గంటలకు మెదక్ కోర్టు ఎదురుగా ఉన్న ఈ షాపుకొస్తాడు. ఎల్లేష్ కొన్న పేపరును ఎల్లేష్ కంటే ముందు చదువుతాడు. ఇవాళ సగం పేజీ ఉరిశిక్ష మీదే ఉంది. ఉండాలని కొందరు, వద్దని కొందరు. పక్కనే నగేష్ ఫొటో. ఒకే ఇంట్లో ముగ్గురిని కొడవలితో నరికాడని పోయిన నెల కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. ఇక హైకోర్టు ఔనో కాదో తేల్చాలి.

"రేపు వాడు చెయ్యలేదని తేలితే? జైల్ల ఉన్నోన్ని బయటికి తేవచ్చు. ఉరి తీసినోన్ని ఏడికెల్లి తెస్తవ్?" అన్నాడు సారు.

"గట్లనుకుంట కూసుంటే ఎవనికీ శిక్ష పడదు సార్."

ఇంతలో స్నేహలత అనే టీచరమ్మ కిరాయి అగ్రిమెంటు పట్టుకొచ్చింది. రెండు కాపీలు కావాలి, ఒక సాక్షి సంతకం కూడా కావాలి.

ఎల్లేష్ మొహం వెలిగింది. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశాడు. పెద్ద ఆఫీసర్లు పచ్చ సిరాతో పెట్టగా లేనిది తను పెడితే తప్పేమిటని అతని వాదన. పదో తరగతిలో రెండు నోటుబుక్కులు ఖర్చుచేసి తయారుచేసుకున్న సంతకం అది. పేరు మొదట్లోని ఇంగ్లీషు వై అక్షరం తోక కిందికి దిగి, పేరు మొత్తం చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది. దాని కింద రెండు చుక్కలు. రెండెందుకని అడిగితే, ఒకటైతే అందరూ పెడతారంటాడు.

"చదవవా అన్నా?" అంది స్నేహలత.

"అందరివీ చదువుకుంట కూసుంటే దుకాణం నడవదు మేడం."

దీనికి పైసా తీసుకోడు. రైతులు, కిరాయిదార్లు, పెళ్ళి జంటలు, ఎక్కడెక్కడి నుంచో కోర్టు పనిమీద వచ్చినవాళ్ళు, ఎవరడిగినా కాదనడు. సేవ అంటాడు.

"నీ పచ్చ సిరా నీ మెషీన్లనే సక్కగ పడదు. ఏం సేవ?" అన్నాడు సారు.

"ఒరిజినల్ ఉంటది కద సార్."

స్నేహలత వెళ్ళాక ఒక ముసలామె మెట్లెక్కింది. చేతిలో బట్టల షాపు సంచి. అందులో జానెడు మందాన కాగితాలు.

"రెండు సెట్లు తియ్యి బిడ్డా. పన్నెండింటి బస్సుకు పట్నం పోవాలె. వకీలు సాబ్ ఎదురుచూస్తుంటడు."

పై కాగితం చూసి ఎల్లేష్ ఆగిపోయాడు. శశిధర్ సారు పేపరును ఫొటో లోపలికి పోయేలా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నగేష్ నీకేమైతడు అవ్వా?"

"కొడుకు. నా పేరు ఆగమ్మ."

ఎల్లేష్ చెడ్డవాడు కాదు. స్టూలు వేశాడు, నీళ్ళిచ్చాడు. మెషీన్ మొదలుపెట్టాడు. ఇరవై పేజీల దాకా నోరు మూసుకున్నాడు కూడా. అంతకంటే అతని వల్ల కాలేదు.

"ఏమనుకోకు అవ్వా. కొడవలి మీ ఇంట్లనే దొరికిందట కద."

"మా ఇంట్ల కొడవలి యాడిది బిడ్డా? కోసెతందుకు మాకు గుంటెడు పొలం లేదు." ఆమె గొంతు పెంచలేదు. ఇప్పటికి చాలామందికి చెప్పి అలసిన గొంతు అది. "ఇద్దరు పెద్దమనుషుల ముంగట తీసినమని రాసుకున్నరట. ఆ దినం నేను వాకిట్లనే కూసున్న. ఖాకీ బట్టలోళ్ళు వచ్చిండ్రు. వాళ్ళతోని ఒక్క పెద్దమనిషే వచ్చిండు. రెండో ఆయన రానే రాలే."

"కోర్టుల చెప్పలేదా?"

"తల్లి మాట ఎవరింటరు? వచ్చినాయన చూసిన అన్నడు, చాలన్నరు. రెండో ఆయిన్ను పిలువనే లేదు. గా రెండో ఆయిన్ను దేవులాడుమన్నడు పట్నం వకీలు. ఆడికి తను పోలేదని గాయన ఒక్క మాట చెప్తే నా కొడుకు బతుకుతడట."

శశిధర్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఎల్లేష్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "గట్ల ఉండదు అవ్వా. పెద్దమనుషులు ఊకెనే సంతకం పెడ్తరా? ఒకని పానం పొయ్యే కాయిదం మీద?"

ఆగమ్మ సంచిలో అడుగున విడిగా మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది.

"నాకు చదువురాదు. గిది మాత్రం మంచిగ రానియ్యి బిడ్డా. రెండో ఆయిన పేరు కనవడ్తలేదట."

కొడవలి దొరికిన నాటి పంచనామా అది. నకలుకు నకలు. కింది భాగం వెలిసిపోయింది. మొదటి సంతకం బాగానే ఉంది. రెండోది ఉందా లేదా అన్నట్టుంది.

వాదన ఎలా ఉన్నా పని దగ్గర ఎల్లేష్‌కు వంక పెట్టలేరు. అద్దం తుడిచాడు. కాగితం సరిగ్గా పరిచాడు. నలుపు రెండు గీతలు పెంచి తీశాడు. పడలేదు. ఇంకో రెండు పెంచాడు. బూడిద రంగులో ఏవో వంకరలు కనిపించాయి.

"ఆగు అవ్వా, నీ పెద్దమనిషిని నేను పట్టిస్త," అని నలుపును చివరిదాకా తోసి మీట నొక్కాడు.

కాగితం వేడిగా బయటికొచ్చింది. రెండో పెద్దమనిషి సంతకం ఈసారి నల్లగా, చక్కగా పడింది, పేరు చుట్టూ తిరిగొచ్చిన వై తోకతో, కింద రెండు చుక్కలతో.