పుట్టుకతో లేని కోరపళ్లు

“ఎవరు చేశారమ్మా ఈ పని?”

డాక్టర్ ఇష్రాగా గొంతుకి కసలా ఊరి ఆసుపత్రి వసారాలో కూర్చున్న తల్లులందరూ ఇటు తిరిగారు. కల్తూమ్ తలమీది తోబు చెంగు ముక్కు దాకా లాక్కుంది. ఆమె ఒళ్లో రెండేళ్ల తస్నీమ్ నోరు తెరిచి ఉంది. కింది వరసలో రెండు కోరపళ్లూ లేవు. వాటి పక్కపళ్లు గుంటలు పడి గోధుమరంగుకి తిరిగాయి.

“మూడో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి డాక్టరమ్మా. చిగుళ్లలో పురుగు పళ్లున్నాయి, తీసేస్తే విరేచనాలు కడతాయన్నారు.”

“పురుగులూ కాదు, పాడూ కాదు. రావలసిన పళ్ల మొలకలవి. కాల్చిన సైకిలు చువ్వతో పెకలిస్తుంటే పిల్లని పట్టుకోడానికి నీకు చేతులెలా వచ్చాయి?”

కల్తూమ్ తల ఎత్తలేదు. నలుగురిలో ఆ మాట పడ్డాక ఎత్తడానికి తల ఏది?

తస్నీమ్ మాత్రం డాక్టరు నోటికేసి వేలు చూపించింది. “లేవు” అంది. వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇష్రాగా చెయ్యి అలవాటుగా నోటికి అడ్డం వెళ్లింది. “నాకు పుట్టుకతోనే లేవు తల్లీ. నీకులాగా ఎవరూ పెకలించలేదు.” పళ్ల డాక్టరు చదివే కాలేజీలో తోటివాళ్లు ఎక్స్‌రే తీద్దామన్నప్పుడల్లా ఇదే చెప్పి తప్పించుకునేది. అమ్మ చెప్పాక ఇంక బొమ్మ దేనికి?

గుంటపళ్లకి మందు పూసింది. మూడు నెలలకోసారి తీసుకురమ్మంది. కాగితం ముందుకు లాక్కుంది.

“ఇప్పుడు పేరు చెప్పు. పోలీసులకి రాసిస్తాను. ఇంకో పసిబిడ్డకి ఈ గతి పట్టకూడదు.”

“చెప్పలేను.”

“భయమా?”

“సిగ్గు.”

“చేయించినప్పుడు లేని సిగ్గు చెప్పడానికొచ్చిందా?”

“చెప్పు పిల్లా, పదిమంది పిల్లలకి మేలు” అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

కల్తూమ్ కన్నీళ్లు తుడుచుకుంది. అందరికేసీ ఒకసారి చూసి, వంగి డాక్టరు చెవిలో మెల్లగా అంది.

“నా సిగ్గు ఎలాగూ పోయింది డాక్టరమ్మా, మీదైనా మిగలనిద్దామని ఇంతసేపూ నోరు కట్టుకున్నాను. ‘భయపడకు, నా కూతురికీ ఈ చేత్తోనే తీశాను, పళ్ల డాక్టరు కాలేదా? ఏదైనా తేడా వస్తే దాని దగ్గరికే పో’ అని మీ గది గుర్తులు చెప్పి పంపింది ఆ పళ్లు పెకలించినావిడే.”