ఐదో గొంతు

పాట నేర్పమని బందరులో జీవానందం మాస్టారి దగ్గరకు చాలామంది వస్తారు. వినడం నేర్పమని గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చింది మాత్రం కృపావతి ఒక్కతే. అదీ యాభై ఎనిమిదేళ్ల వయసులో.

తెచ్చింది ఒకే ఒక్క సీడీ. ఇరవయ్యేళ్ల కిందట దివిసీమలోని వాళ్ల ఊరి చర్చి క్వయర్ రికార్డు చేసిన క్రిస్మస్ పాటలు.

"ఇందులో మా చెల్లి ప్రేమ ఉందండీ. ఆ తర్వాతి వేసవిలోనే కామెర్లతో పోయింది. దాని గొంతు ఇంకెక్కడా లేదు. బతికుండగా సరిగ్గా విన్నదీ లేదు. ఆ పాపం నన్ను తినేస్తోంది. ఒక్కసారి వినాలండీ."

"ఎలాంటి మనిషమ్మా?"

"మొండిది. నేను ఎడ్డెం అంటే తెడ్డెం అనేది," అంటూ కళ్లు తుడుచుకుంది.

మాస్టారు సీడీ కవరు మీది ఫొటో చూశారు. మైకు ముందు ఐదుగురు ఆడవాళ్లు. చివర ప్రేమ, నోరు బార్లా తెరిచి పాడుతోంది. వాళ్లకెదురుగా చెయ్యెత్తి నిలబడ్డ ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తోంది.

"పులుసు రుచి చూసి అందులో ఏమేం పడ్డాయో చెప్పేస్తారు కదా. ఇదీ అంతే," అన్నారాయన.

మొదటి శనివారం డోలక్ ఒక్కటే విన్నారు. తర్వాత కీబోర్డు. ఆ తర్వాత మగవాళ్ల గొంతులు. ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి పక్కన పెట్టడమే పని. రెండు నెలలు తిరిగేసరికి కృపావతి ఆర్టీసీ బస్సు హారన్‌లో కూడా శ్రుతి వెతకసాగింది.

చివరికి మూడో చరణం మిగిలింది. అక్కడ వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఆడవాళ్లు మాత్రమే పాడతారు.

కృపావతి కళ్లు మూసుకుని వేళ్లు మడిచింది. ముక్కుతో పాడేది తాతమ్మ. ఊపిరి ముందే అందుకునేది ఏంజెల్. ఇంకొకటి. మరొకటి.

"నాలుగు," అంది.

మాస్టారు మళ్లీ పెట్టారు. ఆరుసార్లు పెట్టారు.

"నాలుగేనమ్మా. మీ చెవి ఇప్పుడు బాగా పదునెక్కింది. కానీ ఆ పిల్ల అంత నోరు తెరిచిందే! గొంతు ఏమైనట్టు?"

కృపావతి ఫొటోను బల్ల మీద బోర్లించింది.

"ఆ రోజు కూడా తెడ్డెం అని ఉంటుందనుకున్నానండీ."

"నీ శ్రుతి కుదరట్లేదే, నోరు మాత్రం కదుపు, గొంతు రానివ్వకు" అని ఆ రోజు స్టూడియో గుమ్మంలో ప్రేమను ఆపి చెప్పింది, ఫొటోలో చెయ్యెత్తి నిలబడ్డ కృపావతే.