ఇరవై ఎనిమిదో రోజు

"పాసైందని రాయి మేడం" అంటూ కాంట్రాక్టరు నర్సింగరావు ల్యాబు హెల్పరు స్టీఫెన్ చేతిని మిషను పలకల మధ్యకు నెట్టి, పంపు హ్యాండిలు కొట్టాడు. పలకలు బిగిశాయి.

ల్యాబు ఇంజనీరు రచన పెన్ను రిజిస్టరు మీద పడేసింది. డ్యాముకు పోసే కాంక్రీటుతోనే దిమ్మలు పోసి, ఇరవై ఎనిమిదో రోజున ఆ మిషనులో నలిపి బలం చూడటం ఆమె పని. ఏడాదిగా ఒక్కటీ ఫెయిలవలేదు. ఈ ఉదయం దిమ్మ మాత్రం సగం ఒత్తిడికే పొడైపోయింది.

"చెయ్యి వదలండి సార్. పాడైంది ఆ ఒక్క రోజు పోసిందే కదా. అంతవరకు పగలగొట్టి మళ్లీ పోయిద్దాం."

నర్సింగరావు మళ్లీ హ్యాండిలు కొట్టాడు. వేలెముక పటుక్కుమంది.

"ఎప్పటిలెక్కనే పొయ్యమంటే నీకేం రోగంరా?" అన్నాడు నర్సింగరావు, స్టీఫెన్ జుట్టు పట్టి.

"ఎప్పుడూ ఎట్లా పోసేవాడివి స్టీఫెన్?" అంది రచన.

"దిమ్మలకు రెండింతల సిమెంటు కలిపేటోన్ని మేడం. సారే కలపమన్నడు. ఈసారి డ్యాము కట్టకు పోసిన కాంక్రీటు మాలే తెచ్చిన."

"ఈసారే ఎందుకు?"

"నెల కింద నా బిడ్డను వాడపల్లికిచ్చిన. డ్యాము కిందికే గదా ఆ ఊరు."

నర్సింగరావు మూడోసారి హ్యాండిలు ఎత్తాడు. రచన అచ్చుల్లో కాంక్రీటు కూరే ఇనుప కడ్డీ తీసి అతని మణికట్టు మీద బలం కొద్దీ కొట్టింది. వాల్వు తిప్పి స్టీఫెన్ చెయ్యి బయటికి తీసింది.

తర్వాత అతని నెత్తురంటిన చేత్తోనే రిజిస్టరు మొదటి పేజీకి తిప్పి, తాను రాసిన 'పాస్'లన్నీ ఒక్కొక్కటే కొట్టేయసాగింది.

కిటికీ అవతల డ్యాము గోడ విల్లులా వంగి నిలబడి ఉంది. దాని వెనక నీళ్లు నింపడం మొదలై తొమ్మిది రోజులైంది.