పాతిక కిలోల పెట్టె

"దించండి!" అని అరిచాను.

ఆయన దించలేదు. పాతిక కిలోల పెట్టెని పొట్టకి అదుముకుని, పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ఎడమ కాలు వణుకుతోంది.

"నొప్పి లేదు మేడమ్. ఫిట్ అని రాసెయ్యండి."

గోదాములో నడుం దెబ్బతిన్నవాళ్లు మళ్లీ బరువులెత్తగలరో లేదో తేల్చడానికే కంపెనీ ఫిజియోథెరపిస్టునైన నాకు జీతమిస్తోంది. లేని నొప్పి ఉందనేవాళ్లని భరిస్తాను. ఉన్న నొప్పి దాచేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

"ఈసారి పడితే మంచం దిగరు. మీ మీద మీకు జాలి లేకపోతే సరే, ఇంట్లోవాళ్ల సంగతేంటి?"

ఆయన పెట్టెని ధడేల్న పడేశాడు.

"ఇంట్లోవాళ్ల గురించి మీరా నాకు చెప్పేది?"

'పనికిరాడు' అని రాసి సంతకం గీకాను. తలుపు విసురుగా తోసుకుని వెళ్లాడు.

ఆయన పనికిరాకపోతే ఆ స్థానంలో తీసుకోవడానికి కంపెనీ పిలిపించిన మనిషికీ అదే పరీక్ష, అదే పెట్టె. "తర్వాత ఎవరండీ?" అని కేకేశాను.

ఒకామె వచ్చింది. గుమ్మంలోనే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపబోయాడు.

"వదలండి! ఇద్దరం ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలుగుతుందా?" అంటూ విదిలించుకుని వచ్చి, పెట్టె ఎత్తింది.

"నన్ను పనికిరాడన్నారుగా! ఆ చేత్తోనే మా ఆవిణ్ణి కూడా పనికిరాదని రాయండి మేడమ్!" గుమ్మంలోంచి అరిచాడాయన. "రాయండి!"

ఒక్క లోపమైనా దొరుకుతుందేమోనని ఆమె చుట్టూ తిరిగి చూశాను.

నడుం భేషుగ్గా ఉంది.