నాలుగు నిమ్మకాయలు

కొత్త టాక్సీ ఎనభై దాటకుండా చట్టప్రకారం బిగించిన స్పీడ్ గవర్నర్‌ను నాచారంలో పీకించేసి, ప్రశాంత్ నేరుగా ఉప్పల్‌లోని గుడికొచ్చాడు. వాహన పూజ చేయించాలిగా మరి!

పంతులు నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు.

"గా స్పీడు ఆపే డబ్బా తీసి పారేసిన పంతులుగారూ. మీ మంత్రముండంగ సర్కారు నాకు చెప్పుడేంది?"

"నిజమే నాయనా. అంతా దేవుడే చూసుకుంటాడు. ధైర్యంగా పోనివ్వు."

ప్రశాంత్ మీసం దువ్వుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక సీట్లో బిడ్డతో భార్య పద్మశ్రీ.

అంతలో పంతులు పరుగున వెళ్లి, ఎక్కడో దూరంగా గోడవారన ఉన్న తన స్కూటర్‌ను గుడి లోపలికి నెట్టుకుపోయాడు.

పద్మశ్రీ బిడ్డనెత్తుకుని దిగింది.

"ఏందే, యాడికి?"

"మెట్రోకు. మంత్రం చదివినాయనకే నమ్మకం లేకపాయె. నీకు నిమ్మకాయలు తోడున్నయ్ గద, పో."