మధ్యాహ్నం వైఫై

భోజనాల వేళకు కొత్త మగ్గాలు మళ్లీ ఆగిపోయాయి.

సూరత్ దగ్గర కడోదరాలోని ఆ బట్టల మిల్లులో ఉమాకాంత్ చేరి వారమే అయింది. కంప్యూటర్లు, వైర్లు చూసుకోవడం అతని పని. ఇంకోసారి మగ్గాలు ఆగితే వేరే మనిషిని చూసుకుంటానని సేఠ్ పొద్దున్నే చెప్పాడు.

మగ్గాలకు డిజైన్లు ఆఫీసు సర్వర్ నుంచి వస్తాయి. ఏ మగ్గానిది ఏ అడ్రసో నెట్‌వర్క్‌లో చెప్పవలసిందీ ఆ సర్వరే. మధ్యలో ఇంకేదో పెట్టె దూరి తప్పుడు అడ్రసులు పంచుతోంది.

వైరు వెంట నడిస్తే నూలు గోదాములో తేలాడు.

ఒక ముసలాయన స్టూలు మీద తెల్ల రౌటరు పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ టిఫిన్లు విప్పుకున్న పనివాళ్లు. ఆ రేకుల షెడ్డులో సిగ్నల్ రాదు. ఈ పెట్టెతో ఒకరిద్దరికి నెట్ కలిసేది. కలిసిన ఫోను చేతులు మారేది.

కండెలు చుట్టే గంగవ్వ వంతు వచ్చింది. సిరిసిల్లలో ఉన్న కూతురు పసిపాపను చూపిస్తుంటే, అల్లుడు మీసం పెంచాడట, ముందు అది చూపించమని వెనక నుంచి ఎవరో వేళాకోళం ఆడారు.

"ఎవరు పెట్టమన్నరు కాకా దీన్ని?" అన్నాడు ఉమాకాంత్.

"ఎవరూ అనలే బిడ్డా. మందికి అక్కరకొస్తదని."

"దీంతోనే మగ్గాలు బందయితున్నయ్. నా నౌకరీ పోతది."

ముసలాయన కంగారుపడ్డాడు. తన పెట్టె మగ్గాల జోలికి పోతుందని తెలియదన్నాడు. వైరు ఇంకోచోట పెట్టమంటే పెడతానన్నాడు.

"తినేటప్పుడే గద. జర పిల్లల మొకాలు చూసుకుంటరు."

ఉమాకాంత్ వినలేదు. ఆఫీసుకు వెళ్లి, మిల్లు నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్‌కు కాపలా నేర్పాడు. సర్వర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మాలి. ఇంకే పోర్టు నుంచి అడ్రసులు పంచబోయినా ఆ పోర్టు మూసేయాలి.

గోదాములో పచ్చలైటు ఆరింది. గంగవ్వ ఫోనులో పాప ఆవులిస్తూ ఆగిపోయింది.

ముసలాయన గోడలోంచి వైరు తీసి, పెట్టెకు చుట్టి, సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

మగ్గాలు మళ్లీ ఆగలేదు. సేఠ్ భుజం తట్టాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు గంగవ్వ ఆ పెట్టెను తెచ్చి ఉమాకాంత్ బల్ల మీద పెట్టింది.

"ఈ పెట్టె తెచ్చేటి దశరథం కాక పోయిండు. ఆయనుండే ఖోలీ ఖాళీ చేస్తుంటే దొరికింది. నీకేమన్న పనికొస్తదేమో."

ఉమాకాంత్ పెట్టెను తిప్పి చూశాడు. వెనక వరసగా పసుపు పోర్టులు, చివర ఒక నీలం పోర్టు. వైరు ఇంకా పసుపు పోర్టులోనే ఉంది.

అందుకే అది మిల్లంతటికీ అడ్రసులు పంచింది. నీలం పోర్టులోకి మార్చి ఉంటే మగ్గాల జోలికి పోయేది కాదు. గోదాములో అందరికీ నెట్ కలిసేది. వేలెడు దూరం. ఆ రోజు అతను పెట్టెను తిప్పి చూడనేలేదు.

ఉమాకాంత్ వైరు ఊడదీసి నీలం పోర్టులో పెట్టాడు.

"వైరు ఎండ్ల పెట్టాల్నో కాకకు చెప్పినోళ్లు లేరు, పాపం. దీంతోని ఇంట్ల ఎవరితో మాట్లాడేటోడు?"

"ఆయనకెవరున్నరు? ఒక్కనాడు గూడ ఫోన్ చెయ్యలే."

"మరి గోదాముల ఏం పని చేసేటోడు?"

"పనేంది? ఈ మిల్లుల మనిషే కాదు. సూరత్‌ల వడోద్ నుంచి ఆటోల వచ్చి, మేం తినుడైనంక పోయేటోడు. ఆ పెట్టె నరేశ్‌ది. వాడున్నన్ని దినాలు వాడే పెట్టేటోడు."

"నరేశ్ ఎవరు?"

గంగవ్వ అతని కుర్చీ వైపు చూసింది.

"నీకంటె ముందు గా కుర్చీల కూసున్న పోరడు బిడ్డా, హైవే మీద లారీ గుద్ది పోయిండు, దశరథం కాక వాని నాయిన."